కీబోర్డు తప్పులు, మన తప్పులు

ఫోన్లలో, కంప్యూటర్లలో తెలుగు రాత గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు ఈ నెల జవాబులు.

ప్రశ్న: మా బంధువుల గ్రూపులో అందరూ తెలుగు మీడియంలో చదివినవాళ్లే. అయినా రోజూ ‘సుభాకాంక్షలు’, ‘దన్యవాదాలు’ అనే కనిపిస్తున్నాయి. చదివిందంతా మరిచిపోయారంటారా?

జవాబు: చాలామంది మరిచిపోలేదు. వాళ్లకే కాగితం, పెన్ను ఇచ్చి చూడండి, ‘శుభాకాంక్షలు’ అనే రాస్తారు. ఫోనులో ఎక్కువమంది ఇంగ్లిషు అక్షరాలు కొట్టి తెలుగు మాట తెప్పించుకుంటారు. ఆ పద్ధతిలో ద కావాలో ధ కావాలో, న కావాలో ణ కావాలో మనం చెప్పం, కీబోర్డే ఊహిస్తుంది. అది నాలుగైదు మాటలు చూపిస్తే తొందరలో మొదటిదాని మీద వేలు పడుతుంది. పైగా ఎంచుకున్న మాటను గుర్తుపెట్టుకుని తర్వాతిసారి దాన్నే ముందుకు తెస్తుంది. ఒక్కసారి పడిన తప్పు అలా పాతుకుపోతుంది.

గూగుల్ వారి కీబోర్డు జీబోర్డును వాడేవాళ్లయితే, తప్పు మాట సూచనల వరసలో కనబడగానే దాన్ని నొక్కిపట్టి చెత్తబుట్ట బొమ్మ మీదికి లాగాలి. అంతకంటే మంచి ఉపాయం, తెలుగు అక్షరాల కీబోర్డును కూడా చేర్చుకోవడం. స్పేస్‌బార్‌ను నొక్కిపడితే ఒకదాన్నుంచి ఇంకోదానికి మారొచ్చు. ఒత్తు కావాలంటే ముందు హల్లు, తర్వాత పొల్లు, ఆ తర్వాత రెండో హల్లు కొట్టాలి. ‘స్త్రీ’ రావడానికి ఆరు నొక్కులు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి. మొదట్లో విసుగ్గానే ఉంటుంది కానీ ఏ అక్షరం కావాలో నిర్ణయించేది మీరే అవుతారు.

ఇంకో సంగతి. ఒకప్పుడు మనం చదివే తెలుగు దాదాపు అంతా ప్రూఫులు దిద్దేవాళ్ల చేతుల మీదుగా వచ్చేది. ఇప్పుడు రాసిన మరుక్షణమే మన ముందుంటోంది. కాబట్టి కనబడుతున్న తప్పులన్నీ కొత్తగా పుట్టినవి కావు, వాటిలో కొన్ని ఇన్నాళ్లూ ఉత్తరాల్లో దాగి ఉన్నవే.

ప్రశ్న: ‘బ్యాంక్ లో’, ‘ఫేస్ బుక్ కి’ అని విడదీసి రాయడం సరైనదేనా? కలిపి రాస్తే ‘ఫేస్బుక్’ అని స కింద బ వత్తు పడుతోంది.

జవాబు: విడదీయకూడదు. అయితే జనం ఎందుకు విడదీస్తున్నారో మీ ప్రశ్నలోనే ఉంది. పొల్లుతో ఆగిన హల్లు తర్వాత ఇంకో హల్లు వస్తే తెలుగు లిపి దాన్ని ఒత్తుగా మార్చేస్తుంది. ‘సాఫ్ట్వేర్’ అని రాస్తే ట కింద వ చేరి చదవడానికి నోరు తిరగదు. అలా చేరకుండా ఆపడానికి యూనికోడ్‌లో (అన్ని లిపుల అక్షరాలకూ కంప్యూటర్లు వాడే సంఖ్యల పట్టిక) కంటికి కనబడని ఒక అక్షరం ఉంది. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్, సంఖ్య 200సి. పొల్లు తర్వాత దాన్ని పెడితే ‘సాఫ్ట్‌వేర్’, ‘ఫేస్‌బుక్’ అని సరిగా వస్తాయి. కొన్ని తెలుగు కీబోర్డుల్లో దీనికి ప్రత్యేకంగా మీట ఉంటుంది. ఎంఎస్ వర్డ్‌లో అయితే కర్సరు ఉన్నచోట 200సి అని కొట్టి (చివరిది ఇంగ్లిషు అక్షరం), వెంటనే ఆల్ట్, ఎక్స్ మీటలు కలిపి నొక్కండి. అంకెలు మాయమై ఆ కనబడని అక్షరం వచ్చి కూర్చుంటుంది.

అంత శ్రమ అక్కర్లేని పాత దారి ఒకటి ఉంది. తెలుగు మాటలు అచ్చుతో ముగియడానికి ఇష్టపడతాయి. అరువు మాట చివర ఉకారం చేరిస్తే విభక్తి హాయిగా అతుక్కుంటుంది: బ్యాంకులో, గ్రూపుకి, లింకుని, స్కూలుతో. ‘బస్సులో’ అని అందరం అంటూనే ఉన్నాం, ‘లింకులో’ అనడానికి మొహమాటం ఎందుకు?

కి, కు, ని, ను, తో, లో, గా ఎప్పుడూ ముందు మాటకు కలిసే ఉండాలి. కోసం, గురించి, మీద, వల్ల వంటివి విడిగా రాసినా ఇబ్బంది లేదు. అనుమానం వస్తే ఖాళీ తర్వాత ఉన్న ముక్క సొంతంగా ఒక మాటేనా అని చూడండి. ‘వస్తా నని’లో ‘నని’ అనే మాట లేదు. కాబట్టి ‘వస్తానని’ అని కలపాలి, లేదా ‘వస్తాను అని’ అని పూర్తిగా విడదీయాలి. ఖాళీ అర్థాన్నే మార్చే చోట్లూ ఉన్నాయి. ‘వచ్చే వారం’ అంటే రాబోయే ఏడు రోజులు, ‘వచ్చేవారం’ అంటే మేం అప్పట్లో వస్తూ ఉండేవాళ్లం అని.

సూచనల వరసలోంచి మాట ఎంచుకోగానే కీబోర్డు తనంతట తనే ఖాళీ వదులుతుంది. విభక్తులు విడిపోవడానికి సగం కారణం ఇదే. విభక్తితో సహా మాట పూర్తిగా కొట్టాకే ఎంచుకోవడం అలవాటు చేసుకోండి.

ప్రశ్న: అర్థం, అర్ధం... ఏది ఎక్కడ?

జవాబు: తాత్పర్యం, ధనం, ప్రయోజనం అయితే ‘అర్థం’. సగం అయితే ‘అర్ధం’. అర్థశాస్త్రం, అర్ధరాత్రి. కోరేవాడు అనే భావమున్న ‘అర్థి’ ఎక్కడ కనబడినా థ: విద్యార్థి, అభ్యర్థి, శరణార్థి, ప్రత్యర్థి. థకీ ధకీ కంటికి కనిపించే తేడా లోపలి చుక్క ఒక్కటే, చిన్న తెర మీద ఒత్తుగా వచ్చినప్పుడు అదీ కనబడదు. పంపేముందు అక్షరాల సైజు పెంచి చూసుకోవడం తప్ప వేరే మార్గం లేదు.

దీనికి ఎదురు జబ్బు కూడా ఉంది, అవసరం లేనిచోట పొట్టలో చుక్కలు, కింద గీతలు పెట్టడం. ‘శబ్ధం’, ‘ఉద్ధేశం’, ‘నిర్ధేశం’ అన్నీ తప్పులే. శబ్దం, ఉద్దేశం, నిర్దేశం అని రాయాలి. మాటను విడగొట్టి చూస్తే తేలిపోతుంది: నిర్+దేశం నిర్దేశం, నిర్+ధారణ నిర్ధారణ. అలాగే కష్టం, స్పష్టం, దృష్టి మాటల్లో ట. నిష్ఠ, ప్రతిష్ఠ, గరిష్ఠం మాటల్లో ఠ.

ప్రశ్న: న, ణ ఎప్పుడూ తికమకే. గుర్తుపెట్టుకోవడానికి సూత్రం ఏదైనా ఉందా?

జవాబు: సంస్కృత పదాల వరకు ఉంది. ఒకే పదంలో ఋ, ర, ష తర్వాత వచ్చే న, ణగా మారుతుంది. మధ్యలో అచ్చులు, క వర్గం, ప వర్గం, య, వ, హ ఉన్నా మారుతుంది: కారణం, ప్రయాణం, నిర్మాణం, గ్రహణం, పోషణ. మధ్యలో చ, ట, త వర్గాల అక్షరాలుగానీ ల, శ, సలుగానీ అడ్డొస్తే మారదు: రచన, ప్రార్థన, దర్శనం, నిరసన. ‘వర్ణన’ చూడండి. ర తర్వాత మొదటిది ణ అయింది, ఆ ణ ట వర్గంలోదే కనుక అడ్డుపడి రెండోదాన్ని న గానే ఉంచింది. సమాసంలో రెండు మాటలు విడివిడిగా తెలుస్తూ ఉంటే సాధారణంగా మార్పు ఉండదు, ‘రామనామం’ అందుకే అలా ఉంది. గుణం, మణి, వీణ, కోణం వంటివాటిలో ణ పుట్టుకతోనే ఉంది. వణుకు, అణకువ వంటి తెలుగు మాటలకు ఈ సూత్రంతో పనిలేదు. వీటిని గుర్తుపెట్టుకోవాల్సిందే.

ప్రశ్న: ‘ధృవీకరణ పత్రం’ అనే అంతటా రాస్తున్నారు...

జవాబు: ‘ధ్రువీకరణ’ అనాలి. మూలం ధ్రువం. ‘శృతి’ కూడా అంతే, ‘శ్రుతి’ సరైనది. తిరగేసిన తప్పులూ ఉన్నాయి: క్రుషి, ద్రుష్టి, హ్రుదయం. వీటిలో ఋకారం ఉండాలి: కృషి, దృష్టి, హృదయం. ‘కృతజ్ఞతలు’లో జ కింద ఞ వత్తు ఉంటుంది, ‘ఙ్ఞ’ కాదు. సందేహం వస్తే ఆంధ్రభారతి సైటులో నిఘంటువులన్నీ ఒకేసారి వెతకొచ్చు.

ప్రశ్న: నేనే టైపు చేసిన వ్యాసంలో ‘దుఃఖం’ అని వెతికితే దొరకదు. కళ్లెదుటే ఉంటుంది!

జవాబు: మీరు విసర్గ బదులు కోలన్ పెట్టి ఉంటారు. చూపుకి రెండూ ఒకటే, కంప్యూటరుకి వేరువేరు అక్షరాలు.  నిండుసున్న స్థానంలో తెలుగు అంకె సున్నను కొట్టడం ఇలాంటిదే. ఫైండ్ అండ్ రీప్లేస్‌తో కోలన్‌ను ఒక్కొక్కటిగా చూసుకుంటూ మార్చండి. ‘అన్నీ మార్చు’ నొక్కితే నిజమైన కోలన్లు కూడా విసర్గలైపోతాయి. తెలుగు అంకెలు వాడని వ్యాసమైతే సున్నలన్నిటినీ ఒక్క దెబ్బతో మార్చేయొచ్చు.

ప్రశ్న: వ్యావహారిక భాషే కదా, ఎలా పలికితే అలా రాస్తే తప్పేంటి?

జవాబు: గిడుగు రామమూర్తి (1863–1940) అడిగింది శిష్ట వ్యావహారికం, అంటే చదువుకున్నవాళ్ల వాడుక భాష. వ్యవహారంలో నిలిచిన రూపాలే రాతలోకి రావాలన్నది దాని సారం, రాతకు కట్టుబాటే వద్దని కాదు. వాళ్లు/వాళ్ళు, ఋణం/రుణం రెండూ చెల్లుతాయి. ఒక వ్యాసంలో ఒక పద్ధతే పాటిస్తే చాలు, వీటి మీద తగువులు దండగ. మాండలికంలో రాయడమూ తప్పు కాదు. ‘వచ్చియున్నాను’ అని మొదలెట్టి ‘వస్తన్నా’ అని ముగించే దరఖాస్తుతోనే పేచీ.

అక్షరదోషాలకంటే వాక్యం చెడటం పెద్ద నష్టం, దాన్నెవరూ పట్టించుకోరు. ‘మీ దరఖాస్తు స్వీకరించబడినది’ ఎందుకు, ‘మీ దరఖాస్తు అందింది’ చాలదా? ‘ఈ ఫోన్ రెండు కెమెరాలను కలిగి ఉంది’ అనేవాళ్లు ‘నేను ఇద్దరు పిల్లలను కలిగి ఉన్నాను’ అనరు కదా. ఫోనుకి రెండు కెమెరాలుంటాయి, అంతే. ‘నా యొక్క’లో ‘యొక్క’ తీసేయండి, ఏమీ తగ్గదు.

ప్రశ్న: ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు రాసే అలవాటు మాన్పించడం ఎలా?

జవాబు: అలవాటుకి కారణం ఉంది. పాత ఫోన్లలో తెలుగు అక్షరాలే ఉండేవి కావు. వచ్చాక కూడా, ఇంగ్లిషులో 160 అక్షరాలు పట్టే ఎస్ఎంఎస్‌లో తెలుగు పెడితే 70 పట్టేవి. అందులో ‘స్త్రీ’ ఒక్కటే ఆరు తినేస్తుంది. ఇంటర్నెట్ మెసేజీల్లో ఆ ఇరుకు లేదు. స్నేహితుల కబుర్లకు ఏ లిపి అయినా ఫరవాలేదు. పేర్లు, చిరునామాలు, ఆరోగ్యం విషయాలు మాత్రం తెలుగు లిపిలోనే పంపమనండి. కే, ఏ, రెండు ఎల్‌లు, యూ కొడితే అది కళ్లు కావచ్చు, కాళ్లు కావచ్చు, కల్లు కూడా కావచ్చు. నొప్పి ఎక్కడో డాక్టరుకి ఎలా తెలుస్తుంది?