బుల్లెట్ 350 డెబ్భై దాటట్లేదంటే అడ్వాన్స్ చూడండి

మీ బుల్లెట్ 350 కార్బురేటర్ కడిగించి, ప్లగ్ మార్చినా రణస్థలం హైవే మీద 70 కి.మీ. స్పీడు దాటట్లేదు, సైలెన్సర్ బెండు నీలంగా మారుతోంది అన్నారు కదా, అది పాత పాయింట్ల (స్పార్క్ కోసం కరెంటును కలిపి తెంచే స్విచ్చు) బండి కాబట్టి ఆటో అడ్వాన్స్ (స్పార్క్‌ను ముందుకు జరిపే వెయిట్లు, స్ప్రింగులు) పట్టేసి ఉంటుంది. స్పీడు పెరిగేకొద్దీ స్పార్క్ ముందుగా పడాలి. పడకపోతే ఐడిలింగ్ బాగానే ఉంటుంది, బండి మాత్రం లాగదు, వేడంతా బెండులోకి పోతుంది.

మెకానిక్‌లు పాయింట్ల గ్యాప్ పెట్టేసి మూత బిగించేస్తారు. కింద ఉన్న అడ్వాన్స్ వెయిట్ల జోలికి ఎవరూ పోరు.

1. ఇంజన్ ఆపి పాయింట్ల మూత తీయండి. క్యామ్‌ను (తిరుగుతూ పాయింట్లను తెరిచే ముక్క) వేళ్లతో అది తిరిగే దిశలో తిప్పండి. కొంచెం తిరిగి, వదలగానే టక్కున వెనక్కి రావాలి. బద్ధకంగా వచ్చినా, అక్కడే ఆగినా దొంగ దొరికినట్టే.

2. పాయింట్ల ప్లేటుకీ క్యామ్‌కీ గీత గీసుకున్నాకే విప్పండి. లేకపోతే టైమింగ్ (స్పార్క్ పడే సమయం) పోతుంది.

3. వెయిట్లు, పిన్నులు కిరోసిన్‌తో కడగండి. కళింగపట్నం వైపు ఉప్పుగాలికి తుప్పు త్వరగా పడుతుంది. సాగిన స్ప్రింగులు మార్చండి. ఇంజన్ ఆయిల్ ఒక్క చుక్క చాలు, ఎక్కువైతే పాయింట్ల మీద పడి కాలుతుంది.

4. పాయింట్ల గ్యాప్ 0.35–0.40 మి.మీ. పెట్టి, ఆపై టైమింగ్ సెట్ చేయండి.

అప్పటికీ ఇంజన్ అరుస్తూ బండి కదలకపోతే క్లచ్ జారుతున్నట్టు.