బందెలదొడ్డికి ఒత్తు లేదు

సందేహం: మా పంచాయతీ గోడకు ఒక నోటీసు అంటించారు. "వీధులలో సంచరించు అనాథ పశువులను స్వాధీనపరచుకొని బంధెలదొడ్డికి తరలించబడును. యజమానులు జరిమానా చెల్లించి స్వాధీనపరచుకొనవలెను" అని ఉంది. బంధెలదొడ్డా, బందిలదొడ్డా? బందె అంటే పశువా, జరిమానాయా? కుక్కలనూ అక్కడికే తోలతారా?
– ఒక పాఠకుడు, విజయనగరం జిల్లా

సమాధానం: పరుల చేలోనో వీధిలోనో పట్టుకున్న పశువులను ఉంచే చోటు బందెలదొడ్డి. ముందు నోటీసులోని 'బంధెల'కు ఉన్న ఆ ఒత్తు తీసేయించండి. బంధం, బంధువు, నిర్బంధం అన్నింటికీ ఒత్తు ఉంది కదా అని 'బందీ'కి కూడా తగిలించి 'బంధీ' అని రాసేస్తున్నారు. టీవీలో కింద పరిగెత్తే అక్షరాల్లో ఇది రోజూ కనిపిస్తోంది. చెరలో పడ్డవాడు బందీ. సంస్కృతంలో బంది, వంది అని రెండు రూపాలున్నాయి, రెండింటిలోనూ ఉన్నది ఒట్టి దకారమే. పారసీలోనూ బందీయే, బందిఖానా అటునుంచి వచ్చిందే. మన బందె ఈ రెండింటిలో ఎవరి సొత్తో తేల్చి చెప్పడం కష్టం. పారసీ 'బంద్', సంస్కృత 'బంధ' దూరపు దాయాదులు కావడంతో చిక్కు ఇంకా ముడిపడింది. నా మొగ్గు సంస్కృతం వైపే. బందిపోటులోని 'బంది' కూడా ఇదేనని నా నమ్మకం. దొడ్డి మాత్రం అచ్చంగా మనది; కన్నడంలోనూ దొడ్డి అంటే పశువులను కట్టే చోటే. మన వైపు ఇంటి వెనక పెరడు కూడా దొడ్డే అయింది. మిగతా అర్థాలు మీకు తెలిసినవే.

బందె పశువా, జరిమానాయా అన్నారు. చెరపడ్డ పశువు బందె, అలాంటి బందెల దొడ్డి బందెలదొడ్డి. ఈ సమాసం ఇలాగే సులువుగా విడిపోతుంది. పశువును విడిపించడానికి కట్టే సొమ్మును కూడా బందె అనేశారని, అది తర్వాత వచ్చిన అర్థమని అనుకుంటున్నాను. కాదనేవారు ఉంటే వినడానికి సిద్ధం.

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఈ మాటకు ఒక కాలముంది. వరికోతలయ్యాక పశువులను విచ్చలవిడిగా వదిలేస్తారు. అదే మడిలో పెసరో మినుమో జల్లి ఉంటుంది. మొలక మీద పడ్డ ఎద్దును చేను రైతు తోలుకుపోయి దొడ్డిలో పెట్టిస్తే, సాయంత్రానికి కంబారి (పాలేరు) యజమాని దగ్గరికి వచ్చి "మా ఎద్దు బందిలదొడ్డిలో పడిపోనాది" అని చెప్పేవాడు. 'పడిపోనాది' అన్నాడే గానీ 'పోయింది' అనలేదు. ఎద్దు ఇంకా మనదే, తెచ్చుకోవాలి అన్న సంగతి ఆ మాటలోనే ఉంది.

చట్టం చెప్పేదీ అదే. 1871 నాటి పశువుల అతిక్రమణ చట్టం ప్రకారం చేలో పడి పైరు పాడుచేసిన పశువును పట్టుకున్న రైతు 24 గంటల్లోగా దొడ్డికి పంపాలి. యజమాని జరిమానా, మేత ఖర్చు కట్టి విడిపించుకోవచ్చు. 7 రోజుల్లో ఎవరూ రాకపోతే దొడ్డి కాపలాదారు పోలీసు ఠాణాకు తెలియజేయాలి. ఠాణా అధికారి నోటీసు అంటించి, ఊళ్లోనూ దగ్గరి సంతలోనూ టముకు వేయించాలి. మరో 7 రోజులు చూశాకే వేలం. అంటే దొడ్డిలో ఉన్నన్నాళ్లూ పశువు యజమానిదే.

అలాంటప్పుడు ఆ నోటీసులో 'స్వాధీనపరచుకొని' అన్న మాట చూడండి. పంచాయతీ స్వాధీనపరచుకుంటుంది, యజమానీ స్వాధీనపరచుకుంటాడు! ఒకే మాట రెండు వైపులా వాడితే, చదివే ముసలాయన తన ఆవు పోయినట్టే అనుకుని ఇంట్లో కూర్చుండిపోడా? వేలం కూడా అయిపోయాక ఎవరికి చెప్పుకుంటాడు? పట్టుకోవడం, తోలడం, విడిపించుకోవడం అనే మంచి మాటలు ఊరంతటికీ తెలిసుండగా ఈ బరువంతా ఎందుకు? 'పశువులను తరలించబడును' అన్నది వాక్యమే కాదు. యజమాని ఉన్న పశువును అనాథ అనడం అన్యాయం. అచ్చోసిన ఆంబోతుకైతే నిజంగానే యజమాని ఉండడు, దేవుడి పేర వదిలేసిందది.

కుక్కల సంగతి వేరు. ఆ చట్టంలో ఏనుగు నుంచి పంది దాకా ఉన్నాయి గానీ కుక్క లేదు. వాటికి 2023లో వచ్చిన జనన నియంత్రణ నిబంధనలున్నాయి: ఆపరేషన్ చేసి, టీకా వేసి, మామూలుగా పట్టిన చోటే వదలాలి. కాబట్టి కుక్కను బందెలదొడ్డికి తోలడమన్నది మాటగానూ కుదరదు.

మీ పంచాయతీ వారికి ఇలా రాసిమ్మని చెప్పండి: "రోడ్ల మీద వదిలేసిన పశువులను బందెలదొడ్డికి తోలిస్తాం. యజమానులు జరిమానా కట్టి విడిపించుకోవచ్చు. గడువు ఇన్ని రోజులు." గడువు అంకె పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఇక బందిలదొడ్డి అంటారా, నోటితో అన్నప్పుడు నాకేమీ అభ్యంతరం లేదు. కొన్నిచోట్ల బంజరుదొడ్డి అనడమూ విన్నాను. రాతలో మాత్రం బందెలదొడ్డి అనే రాస్తాను.