కాల్షియం ఎక్కించగానే లేచిన ఆవు మర్నాడు మళ్లీ ఎందుకు కూలబడింది?

ప్రశ్న: మా ఆవు నాలుగో ఈత ఈనిన మరుసటి రోజు వణుకుతూ కూలబడి, మెడను డొక్క వైపు తిప్పి పడుకుంది. చెవులు చల్లబడ్డాయి, పేడ వేయలేదు. డాక్టరు గారు పాల జ్వరమని చెప్పి నరానికి కాల్షియం ఎక్కించగా గంటలోపే లేచింది. మర్నాడు తెల్లవారేసరికి మళ్లీ పడిపోయింది. మొదటి మందు పనిచేయలేదా? వచ్చే ఈతకు ఏం జాగ్రత్త పడాలి?

జవాబు: మొదటి మందు సరిగానే పనిచేసింది. అయితే అది రక్తంలో కాల్షియం లోటును కొన్ని గంటలపాటు పూడ్చిందే తప్ప, ఆ లోటుకు కారణమైన పరిస్థితిని మార్చలేదు.

ఆవు రక్తంలో ఏ సమయంలోనైనా తిరిగే కాల్షియం మొత్తం సుమారు 3 గ్రాములే. ఒక్క లీటరు జున్నుపాలలో దాదాపు 2 గ్రాములు బయటకు పోతుంది. ఈనిన వెంటనే పొదుగు ఇలా లాగేసుకుంటుంటే, ఎముకల నుంచి కాల్షియాన్ని కరిగించుకోవడానికీ, మేత నుంచి పేగుల ద్వారా ఎక్కువగా పీల్చుకోవడానికీ శరీరానికి ఒకటి రెండు రోజుల వ్యవధి పడుతుంది. వయసు పెరిగిన, పాలు ఎక్కువిచ్చే ఆవుల్లో ఈ సర్దుబాటు మరింత మందగిస్తుంది కనుకనే తొలిచూలు ఆవుల్లో ఈ జబ్బు అరుదు.

నరం నుంచి కండరానికి సంకేతం అందాలన్నా, కండరం ముడుచుకోవాలన్నా కాల్షియం ఉండాలి. అది తగ్గుతున్న తొలి దశలో నరాలు అతిగా స్పందించడం వల్ల వణుకు, పళ్లు కొరకడం కనిపిస్తాయి; ఇంకా తగ్గితే కాళ్ల కండరాలు పట్టు తప్పి పశువు కూలబడుతుంది. పెద్ద పొట్ట, పేగులు కదలక నెమరు, పేడ ఆగి కడుపు ఉబ్బుతుంది. గుండె బలంగా కొట్టుకోలేక చెవులకు, కాళ్లకు రక్తం సరిగా అందదు, అందుకే అవి చల్లబడతాయి. గర్భసంచి ముడుచుకోకపోతే మాయ నిలిచిపోవచ్చు, చనుమొనల చివర సరిగా మూసుకోకపోతే పొదుగువాపు రావచ్చు. శరీర ఉష్ణోగ్రత సాధారణం కంటే పడిపోతుంది కాబట్టి జ్వరం మందులతో ఇక్కడ పని లేదు.

డాక్టరు ఎక్కించే 450 మిల్లీలీటర్ల కాల్షియం బోరోగ్లూకోనేట్ సీసాలో సుమారు 8 నుంచి 9 గ్రాముల కాల్షియం ఉంటుంది. అది చేరుతుండగానే పశువు త్రేన్చడం, మూతి తడిబారడం, పేడ వేయడం చూస్తే ఆగిన అవయవాలు ఒక్కొక్కటీ పని మొదలుపెట్టినట్లు తెలుస్తుంది. కానీ ఇదే కాల్షియం వేగంగా ఎక్కితే గుండె లయ తప్పి ఆగిపోగలదు. అందువల్ల మందు గోరువెచ్చగా ఉంచి, గుండె చప్పుడు వింటూ పది ఇరవై నిమిషాల పాటు నెమ్మదిగా ఎక్కించాలి. ఇది రైతు స్వయంగా చేయదగిన పని కాదని గట్టిగా చెబుతున్నాను.

చికిత్స పొందిన ఆవుల్లో నాలుగింట ఒకటికి మళ్లీ ఇలా జరగడం మామూలే. వెంటనే డాక్టరును పిలిపించండి. కొంత మందును చర్మం కింద ఇస్తే అది నిదానంగా రక్తంలో చేరుతుంది. ఆవు చురుగ్గా మేత తింటూ కూడా లేవలేకపోతే భాస్వరం లోటో, కాళ్ల నరాలకు, కండరాలకు దెబ్బో ఉందేమో పరీక్షించాలి. ఈలోగా పశువును గడ్డి మెత్తగా పరిచిన చోట రొమ్ము మీద ఆని కూర్చునేలా ఆసరా ఇచ్చి, రెండు మూడు గంటలకోసారి పక్క మార్చండి. ఒకే వైపు గంటల తరబడి పడి ఉంటే కింది కాలి కండరాలు నలిగి, కాల్షియం సరిపోయాక కూడా లేవలేని స్థితి వస్తుంది. నోటి ద్వారా ఏమీ పోయకండి. మింగే శక్తి తగ్గినందున అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దూడకు జున్నుపాలు తాగించండి, కానీ తొలి రెండు రోజులు పొదుగు పూర్తిగా పిండకండి.

వచ్చే ఈతకు జాగ్రత్త చూడి చివరి మూడు వారాల్లో మొదలవుతుంది. చాలామంది ఈ సమయంలోనే బలం వస్తుందని కాల్షియం విరివిగా పెడతారు. దానివల్ల ఎముకల నుంచి తీసుకునే యంత్రాంగం మందగించి, ఈనిన రోజున సమయానికి కదలదు. పొటాషియం ఎక్కువగా ఉండే లేత పచ్చిమేతను అప్పుడు తగ్గించాలి, మెగ్నీషియం లోటు రాకుండా చూడాలి. అమ్మోనియం క్లోరైడ్ వంటి ఆమ్ల లవణాలను పశువైద్యుని లెక్క ప్రకారమే దాణాలో కలపాలి, ఎందుకంటే రుచి నచ్చక ఆవు మేత తగ్గిస్తే మరో చిక్కు వస్తుంది. ఈనిన వెంటనే ఒకసారి, పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటల్లో మరోసారి కాల్షియం జెల్ నోటి ద్వారా ఇవ్వవచ్చు. అయితే ఆవు నిలబడి, చక్కగా మింగుతున్నప్పుడు మాత్రమే.