మిడ్‌సైజ్ పికప్ కొనేముందు డ్రైవర్ తలుపు తెరిచి చూడండి

అమెరికాలో దొరికే మధ్యరకం పికప్ ట్రక్కులు టకోమా, రేంజర్, కొలరాడో, ఫ్రాంటియర్, గ్లాడియేటర్, రిడ్జ్‌లైన్ ఆరూ ముందు పెట్టుకుని, వీటిలో టోయింగ్ కెపాసిటీ, అంటే ట్రైలర్ లాగే శక్తి, ఎక్కువున్నది కొంటే సరిపోతుందా అని ఒకరు అడిగారు. సరిపోదు. నేను నా మొదటి పికప్ సరిగ్గా అలాగే కొన్నాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను.

కంపెనీ పేరు చెప్పను. షోరూమ్‌లో అతను 6,500 పౌండ్లు లాగుతుంది సార్ అన్నాడు, నేను సరే అన్నాను. మరుసటి ఏడు వేసవిలో మా చెల్లెలు ఇల్లు మారుతుంటే సామాను నేనే తెస్తానని ట్రైలర్ అద్దెకు తీసుకున్నాం. నిండా సర్దితే 4,200 పౌండ్లు అయింది, అంటే బ్రోషర్ లెక్కలో ఇంకా రెండు వేల పౌండ్లకు పైగా మిగిలే ఉంది. ఆ ధైర్యంతోనే ట్రక్ బెడ్‌లో, అంటే వెనక సామాను పెట్టే తొట్టిలో కూడా పుస్తకాల పెట్టెలు, మిక్సీలు, గ్రైండరు ఎక్కించాం. లోపల నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, మా మామగారు.

చీకటి పడేదాకా ఏమీ తెలియలేదు. ఆ తర్వాత ఎదురొచ్చే ప్రతి బండీ హైబీమ్ కొట్టడం మొదలుపెట్టింది. నేను లో బీమ్‌లోనే ఉన్నాను, రెండుసార్లు చూసుకున్నాను కూడా. వెనక నుంచి మామగారు, "ఏంటి అల్లుడూ, అందరూ మనకే లైట్లు కొడుతున్నారు?" అన్నారు. అప్పుడు గమనించాను, మా లైట్లు రోడ్డు మీద కాదు, చెట్ల కొమ్మల మీద పడుతున్నాయి. వెనక భాగం కుంగిపోయి ముక్కు పైకి లేచింది. స్టీరింగ్ తేలిగ్గా అయిపోయింది, తిప్పితే బండి కాస్త ఆలోచించి తిరుగుతున్నట్టు ఉంది. అక్కడి నుంచి దిగుడు రోడ్డు. వెనక పిల్లలు నిద్రపోతున్నారు. ఆ ఇరవై నిమిషాల్లో నేను పడ్డ టెన్షన్ మళ్ళీ ఎప్పుడూ పడలేదు.

దిగువన ట్రక్ స్టాప్‌లో పెద్ద లారీలు తూచే కాటా ఉంటే దాని మీదికి ఎక్కించాను. వెనక ఇరుసు మీద ఉండాల్సినదాని కన్నా ఎక్కువ బరువు ఉంది. అప్పుడు, జీవితంలో మొదటిసారి, డ్రైవర్ తలుపు తెరిచి అక్కడి పసుపు పచ్చ స్టిక్కర్ చదివాను. మనుషులు, సామాను అన్నీ కలిపి 1,110 పౌండ్లు దాటకూడదని ఉంది. బిల్లు వెనక లెక్క వేశాం. మేం ఐదుగురం 630. బెడ్‌లో పెట్టెలు 250. ట్రైలర్ ముందు భాగం హిచ్ (ట్రక్ వెనక ట్రైలర్ తగిలించే కొక్కెం) మీద మోపే బరువు, అది మొత్తం ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం ఉంటుంది, తక్కువలో తక్కువ వేసుకున్నా 420. మొత్తం 1,300. లాగడంలో రెండు వేల పౌండ్లు మిగిలిన బండి మోయడంలో 190 పౌండ్లు దాటిపోయింది! పెట్టెలన్నీ దింపి చెల్లెలి కారులోకి ఎక్కించాక ట్రక్ లెవెల్‌కి వచ్చింది.

నాకు కోపం ఎక్కడంటే, ఈ పేలోడ్, అంటే బండి మోయగల బరువు, సంగతి అమ్మేవాళ్ళెవరూ నోరెత్తి చెప్పరు. ప్రకటనల్లో టోయింగ్ అంకె పెద్ద అక్షరాల్లో ఉంటుంది. దాన్ని తేల్చే ఎస్‌ఏఈ (ఆటోమొబైల్ ఇంజనీర్ల సంస్థ) పరీక్షలో బండిలో ఇద్దరే మనుషులు, ఒక్కొక్కరు 150 పౌండ్లు అనుకుని లెక్క కడతారు. ఇంటిల్లిపాదీ ఎక్కే బండికి ఆ లెక్క ఏం పనికొస్తుంది? పైగా ఒకే మోడల్‌లో కూడా రెండు బండ్ల స్టిక్కర్లు ఒకలా ఉండవు. సన్‌రూఫ్, పెద్ద టైర్లు, ఆఫ్‌రోడ్ సామగ్రి, ఏది తగిలిస్తే దాని బరువు పేలోడ్‌లోంచి పోతుంది. టకోమా హైబ్రిడ్ 326 హార్స్‌పవర్ ఇస్తుంది, బాగుంది, కానీ బ్యాటరీ వెనక సీటు కింద కూర్చుంటుంది, ఆ బరువూ మీ ఖాతాలోదే, ఆ చోటూ పోయినట్టే.

గ్లాడియేటర్ 7,700 పౌండ్ల వరకు లాగుతుందని చూపిస్తారు, రిడ్జ్‌లైన్ 5,000 దగ్గరే ఆగుతుంది. అందుకే రిడ్జ్‌లైన్‌ని "అది అసలు ట్రక్కే కాదు, కారు ఛాసిస్" అని తీసిపారేస్తారు. నేను ఇప్పుడు నడిపేది అదే. పేలోడ్ 1,500 పౌండ్ల పైన, వెనక చక్రాలకు ఇండిపెండెంట్ సస్పెన్షన్ (గతుకుల్లో ఏ చక్రానికి ఆ చక్రం విడిగా కదులుతుంది), బెడ్ కింద తాళం వేసుకునే డిక్కీ, చక్రాల గూళ్ళ మధ్య నాలుగడుగుల ప్లైవుడ్ పడుకోబెట్టేంత వెడల్పు. మా మామగారు వెనక సీట్లో నాలుగు గంటలు కూర్చుని నడుం నొప్పి అనకుండా దిగారు, నాకు అంతకన్నా పెద్ద పరీక్ష లేదు. నూటికి తొంభై మంది మిడ్‌సైజ్ కొనేవాళ్ళకు ఇదే సరైన బండి అని నా నమ్మకం. నిజంగా నెలనెలా ఆరు వేల పౌండ్ల పడవ లాగే పని ఉంటే మాత్రం ఫ్రాంటియర్ చూడండి. టర్బో లేని 3.8 లీటర్ల వీ6 (ఆరు సిలిండర్ల) ఇంజిన్, 310 హార్స్‌పవర్, ఆరడుగుల బెడ్ కూడా దొరుకుతుంది. కొలరాడోలో పొట్టి బెడ్ తప్ప వేరే దారే లేదు, పికప్ అని పేరు పెట్టి ఐదడుగుల బెడ్ ఇవ్వడం నాకు అస్సలు నచ్చదు. హెడ్‌లైట్ల స్విచ్ టచ్‌స్క్రీన్‌లో పెట్టినవాళ్ళూ ఉన్నారు. ఆ రాత్రి నా చేతికి అలాంటి బండి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవడానికే భయం.

టెస్ట్ డ్రైవ్‌కి ఒంటరిగా వెళ్ళకండి, ఇంట్లో అందరినీ ఎక్కించుకుని వెళ్ళండి. మీకు అమ్మబోయే బండిదే, షోరూమ్‌లో మెరిసే ఇంకోదానిది కాదు, తలుపు స్టిక్కర్ ఫోటో పంపమనండి. అందులోంచి మీ ఇంటివాళ్ళ బరువు తీసేసి, మీరు లాగే ట్రైలర్ బరువులో పదిహేను శాతం తీసేయండి. మిగిలింది మూడొందల పౌండ్ల కన్నా తక్కువైతే ఆ బండి వదిలేసి పక్కదాని తలుపు తెరవండి.