పది నెలల బాబును ఆఫీసు నుంచి డే కేర్‌కు మార్చేటప్పుడు: అలవాటు ఆఫీసులోనే మొదలుపెట్టండి

మీరు అడిగింది ఇది: నల్లగొండలో ఆడిటర్ ఆఫీసులో పని, ఆరో నెల నుంచి బాబును వెంట తీసుకుపోతున్నారు, ఇప్పుడు పదో నెల, పాకుకుంటూ పోయి వైర్లు లాగుతున్నాడు. వచ్చే నెల డే కేర్‌లో వేయాలి, ఏడవకుండా ఎట్లా అలవాటు చేయాలి?

అసలు ఏడవకుండా కుదరదు గానీ, తక్కువ ఏడుపుతో అవుతుంది. ఆఫీసులో పెరిగిన పిల్లలకు కొత్త మనుషులు, చప్పుడు కొత్త కాదు. కానీ అడగంగనే అమ్మ పాలు, తల తిప్పితే అమ్మ మొహం, చీర తొట్టెలలో నిద్ర, ఈ మూడూ డే కేర్‌లో ఒకే రోజు పోతాయి. ఏడుపంతా అక్కడి నుంచే వస్తుంది. కాబట్టి మూడు వారాల ముందు నుంచే ఆఫీసులో ఒక్కొక్కటి మార్చుకుంటూ రండి.

ముందు పాలు. మూడు రోజులు బాబు ఎప్పుడు తాగాడో, ఎప్పుడు పడుకున్నాడో ఒక కాగితం మీద రాయండి. చాలాసార్లు ఆకలికి కాక విసుగుకో నిద్రకో తాగుతుంటాడని తెలుస్తుంది. ఆ తాగడాలను ఒక్కొక్కటిగా తగ్గించి, మధ్యాహ్నం ఒకసారి పిండిన పాలు ఉగ్గుగిన్నెతో గానీ చిన్న స్టీలు గ్లాసుతో గానీ పట్టించండి. పట్టించేది మీరు కావద్దు. అమ్మ వాసన తగులుతుంటే గ్లాసు ముట్టరు. తోటి ఉద్యోగిని ఎవరినైనా అడగండి, మీరు పక్క గదిలో ఉండండి. బాగా ఆకలై ఏడ్చేదాకా ఆగితే ఏదీ తాగడు, కొద్దిగా ఆకలి మొదలవంగనే పట్టాలి. బాటిల్ నేను చెప్పను. డే కేర్‌లో పది బాటిళ్లు ఒకే బకెట్లో కడిగితే నిపుల్‌లో మిగిలిన పాలతోనే విరేచనాలు పట్టుకుంటాయి.

డే కేర్‌కు పంపేటప్పుడు ఒకే డబ్బాలో కాకుండా 60 నుంచి 90 మిల్లీలీటర్ల చొప్పున రెండు మూడు చిన్న డబ్బాల్లో పోసి, తేదీ, టైం రాసి, ఐస్ ప్యాక్ ఉన్న సంచిలో పెట్టండి. ఫ్రిజ్‌లో తలుపు అరలో కాక లోపలి అరలో పెడితే నాలుగు రోజులు ఉంటాయి. నాలుగు గంటలు బయట ఉంచొచ్చన్న మాట 25 డిగ్రీల లోపు గదికి చెప్పింది, మన ఎండాకాలానికి కాదు. ఆయమ్మకు రెండు సంగతులు దగ్గరుండి చూపించండి. ఫ్రిజ్‌లో పెట్టిన తల్లిపాల మీద మీగడ తేలి, కింద నీళ్లలాగా కనిపిస్తాయి. విరిగిపోయాయనుకొని పారబోస్తారు. డబ్బాను మెల్లగా తిప్పితే కలిసిపోతాయి. రెండోది, వాటిని గేదె పాలలాగా పొయ్యి మీద పొంగించొద్దు, గోరువెచ్చని నీళ్ల గిన్నెలో డబ్బా పెట్టి వెచ్చబెట్టాలి. తాగగా మిగిలినవి రెండు గంటలు దాటితే పారబోయాలి.

రెండో వారం నిద్ర. డే కేర్‌లో తొట్టెల ఉండదు, కింద పరుపే. పాలు అయిపోయాక పది నిమిషాలు ఆడించి, మెలకువగా ఉండంగనే పరుపు మీద వేసి తట్టండి. రోజుకు ఒక్క నిద్రతో మొదలుపెట్టండి.

మూడో వారం మీరు కనబడకపోవడం. పది నిమిషాలు, అరగంట, గంట. పోయేటప్పుడు చెప్పి పోండి. దొంగచాటుగా జారుకుంటే ఆ తర్వాత మీరు లేచి నిలబడ్డా పట్టుకొని వదలడు.

డే కేర్‌ను ఇంటి దగ్గర కాదు, ఆఫీసు దగ్గర చూసుకోండి. బిడ్డకు పదిహేను నెలలు వచ్చేదాకా, మామూలు విరామం కాక, పాలిచ్చేందుకు రోజుకు రెండు విరామాలు చట్టమే ఇచ్చింది. దూరమైతే అది వాడుకోలేరు. 50 మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే చోట క్రెష్ (పసిపిల్లలను చూసుకునే చోటు) పెట్టడం యజమాని బాధ్యత.

డే కేర్‌లో మొదటి మూడు రోజులు మీరూ కూర్చొని గంట. నాలుగో రోజు అరగంట వదలండి. తర్వాత మధ్యాహ్నం అన్నం దాకా, ఆ తర్వాత నిద్ర దాకా. పూర్తి రోజు మూడో వారంలోనే. దసరా సెలవుల ముందు మాత్రం వేయకండి, ఆ విరామంతో మళ్లీ మొదటికొస్తుంది. వీలైతే పొద్దున వాళ్ల నాన్న దింపాలి, అమ్మ చేతుల నుంచి విడిపోవడం కంటే అది సులువు. కిటికీలోంచి తొంగిచూడడం వద్దు, సద్దుమణిగిన ఏడుపు మళ్లీ లేస్తుంది.

ఇక మన జిల్లాలో డే కేర్ వాళ్లను అన్నిటికంటే ముందు అడగాల్సింది నీళ్ల గురించి. వంటకు వాడేది కృష్ణా నీళ్లా, బోరు నీళ్లా? మర్రిగూడ, చండూరు వైపు బోరు నీళ్లలో పళ్లు, ఎముకలను పాడుచేసే ఫ్లోరైడ్ ఎక్కువన్న సంగతి మీకు చెప్పక్కర్లేదు. "కాచి చల్లార్చి ఇస్తున్నాం" అంటే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టర్ కూడా తీయలేదు. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 దాకా. తల్లిపాలలో అది చాలా తక్కువ. బోరు నీళ్లతో కలిపిన డబ్బా పాలు, రాగి జావ, బాలామృతంతోనే పిల్లల ఒంట్లోకి పోతుంది, రాబోయే పళ్లు తయారయ్యే వయసే ఇది. అనుమానముంటే ఇంటి నుంచే మంచి నీళ్ల సీసా పంపి, జావ కూడా వాటితోనే కాయమనండి.

మెడలో తాయెత్తు, నల్లపూసల దండ తీసేయండి. పదిమంది పిల్లలు లాగే చోట అవి గొంతుకు బిగుస్తాయి.

రెండు మూడు నెలలు జలుబు, జ్వరం వస్తూ పోతూ ఉంటాయి. ఇద్దరి సెలవులూ కొన్ని దాచుకోండి.

దింపినప్పుడు ఏడ్చి పావుగంటలో ఆటలో పడితే భయం లేదు. రోజంతా తినడానికీ తాగడానికీ నోరు తెరవకపోయినా, డైపర్ ఎప్పటికంటే బాగా తక్కువ తడిసినా గంటలు తగ్గించి ఒక మెట్టు వెనక్కి రండి. పగలు కొద్దిగానే తాగి రాత్రంతా మిమ్మల్ని పీల్చే పిల్లలు కొందరు ఉంటారు, రెండు వారాల దాకా అది మామూలే. ఆ రోజుల్లో సాయంత్రం ఆఫీసు నుంచి రాంగనే వంటింట్లోకి పోకుండా ముందు పడుకొని పాలివ్వండి. కూర ఇంకొకరు చూసుకుంటారు.