ఫ్రేమ్ గీకే ముందు ఇది చదువు

ఒరేయ్ చిన్నా,

నా పాత బైకు విప్పేసి, ఫ్రేమ్ మీద పెయింటూ తుప్పూ ఇంట్లోనే గీకేస్తావట. మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మంచిదేలే అన్నాను. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. తుక్కుకింద పోవాల్సిన బండిని బాగుచేద్దామన్న బుద్ధి పుట్టినందుకు గర్వంగానే ఉంది. కానీ ఆ ఫ్రేమ్ సంగతి నాకు తెలిసినంత నీకు తెలీదు.

విప్పే ముందు ఫొటోలు తీసుకో. బోల్టులు డబ్బాల్లో వేసి, ఏది ఎక్కడిదో రాసిపెట్టు. ముందు గ్రీజు కడుగు, తర్వాతే గీకు. లేకపోతే బ్రష్ ఆ జిడ్డునే ఇనుమంతా పూస్తుంది. పెట్రోల్ ట్యాంకు ఆ చుట్టుపక్కల ఉండకూడదు. ఖాళీదే కదా అంటావు. ఖాళీ ట్యాంకుతోనే భయం, దాని నిండా ఆవిరి ఉంటుంది. గ్రైండర్ నిప్పురవ్వ ఒక్కటి చాలు.

చాసిస్ నంబరు మీద ముందే టేపు వేసెయ్. అక్కడికి గ్రైండర్ పోనివ్వకు. చివర్లో పెయింట్ ఊడదీసే రిమూవర్ కొద్దిగా రాసి నైలాన్ బ్రష్‌తో తుడుచుకో. ఆ అంకెలు అరిగిపోతే ఎన్ని కాగితాలు చూపించినా బండి నీదంటే ఎవరూ నమ్మరు.

పెయింట్ రిమూవర్ కొనేటప్పుడు డబ్బా వెనక చదువు. మిథిలీన్ క్లోరైడ్ అని ఉంటే అక్కడే వదిలేసి రా. దాని ఆవిరి గాలికన్నా బరువు, మూసిన గదిలో కిందికి దిగి నిలబడిపోతుంది. ఒంట్లోకి వెళ్లాక కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. అమెరికాలో 2019లో దాన్ని ఇళ్లలో వాడుకునేవాళ్లకి అమ్మడమే ఆపేశారు. అది లేని రకాలు నెమ్మదిగా పనిచేస్తాయి, చెయ్యనీ. నీకేం తొందర? అంత పాత పెయింట్‌లో సీసం ఉండొచ్చు కాబట్టి పొడిగా రుద్ది దుమ్ము లేపకు. ఎమరీ పేపర్ తడిపి రుద్దు, మాస్కు పెట్టుకో, ఆ బట్టలతో పిల్లల్ని ఎత్తుకోకు.

వైర్ బ్రష్ గ్రైండర్‌కి పెట్టే ముందు ఆ బ్రష్ మీద రాసిన వేగం చూడు. నాలుగంగుళాల గ్రైండర్ నిమిషానికి దాదాపు 11,000 చుట్లు తిరుగుతుంది. అంత తట్టుకోలేని బ్రష్ పెడితే తీగలు ఊడి సూదుల్లా ఎగురుతాయి. కళ్లద్దాలు ఒక్కటే సరిపోవు, వాటి మీద ముఖానికి షీల్డ్ కూడా ఉండాలి. గ్రైండర్ గార్డు తీసేశావని తెలిసిందో, నీతో మాట్లాడను.

ఇక అసలు సంగతి.

నీ వయసులో నేనూ ఇదే ఫ్రేమ్‌ని ఇలాగే విప్పాను. గీకడానికి ఓపిక లేదు. ఎవరో యాసిడ్ అన్నారు, హైడ్రోక్లోరిక్. షెడ్డు తలుపులు వేసుకుని, బ్రష్‌తో రాసి, పైపుల్లోకి కూడా గరాటు పెట్టి పోశాను. తుప్పు నురగలా పొంగి కారిపోయింది. కింద నుంచి బూడిదరంగు ఇనుము బయటపడుతుంటే ఏదో సాధించేశాననుకున్నాను. నీళ్లు కుమ్మరించి, తలకిందులు చేసి, మర్నాడే పెయింట్ కొట్టేశాను. ఆ ఉదయమే షెడ్డులో పానాలన్నీ, చివరికి సుత్తి తల కూడా, ఎర్రగా తుప్పు పట్టి ఉన్నాయి. రాత్రంతా ఆవిరి వాటి మీద కూర్చుంది. అదైనా చూసి ఆలోచించాలి కదా? ఆలోచించలేదు. నవ్వుకుని నూనె రాసిపెట్టాను.

పైపు వంపుల్లో, వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్ దగ్గర అన్నిటికన్నా దిగువ మూలలో, నీళ్లకి అందని యాసిడ్ కొంచెం మిగిలిపోయింది. దానికి తేమ తోడైంది. బయట పెయింట్ అద్దంలా మెరుస్తుంటే లోపల గోడ పలచబడుతూ వచ్చింది. కొన్నాళ్లకి అక్కడ చిన్న బుడగ లేచింది, బఠాణీ గింజంత. తుప్పు ఇనుముకన్నా రెట్టింపుకి పైగా చోటు తీసుకుంటుందని, పెయింట్‌ని అది లోపల్నుంచే తోస్తుందని అప్పుడు నాకు తెలీదు. గోటితో గిల్లి, దాని మీద మళ్లీ పెయింట్ అద్దాను.

అప్పటికి బండి మీ నాన్నకి ఇచ్చేశాను. వాడి ఎడమ భుజం కొంచెం కిందికి ఉంటుంది చూశావా? గుంతలో పడ్డానని నీకు చెప్పి ఉంటాడు. గుంతేమీ లేదు. వెనక చక్రం ఊగుతోందని ఆపబోతుంటే ఆ బుడగ దగ్గరే పైపు చీలింది. నెమ్మదిగా వెళ్తున్నాడు కాబట్టి కాలర్ బోన్‌తో పోయింది. చీలిన చోట నేను వేలు పెట్టి చూశాను. బిస్కెట్‌లా పొడి రాలింది. వాడు ఈ ముప్పై ఏళ్లలో ఒక్కసారీ నన్ను అనలేదు. అని ఉంటే బావుండేదేమో.

తర్వాత ఆ పైపు కోసి కొత్తది వెల్డింగ్ చేయించాను. నీ ఫ్రేమ్‌లో కుడివైపు కింద అతుకు కనిపిస్తుంది, అదే. ఆ వెల్డింగ్ గీతను నున్నగా ఉంటే బాగుంటుందని గ్రైండర్‌తో అరగదీయకు. బలమంతా అక్కడే ఉంది.

అందుకని పైపుల నోళ్లన్నీ రబ్బరు బిరడాలతో మూసి, బయటివైపే పని చెయ్. చిన్న భాగాలకి సిట్రిక్ యాసిడ్ చాలు. పది లీటర్ల నీళ్లకి అరకిలో వేసి కొన్ని గంటలు నానబెట్టి, వంటసోడా నీళ్లతో కడిగి, వెంటనే ఆరబెట్టు. హ్యాండిల్ మెడ దగ్గర, స్వింగ్ ఆర్మ్ దగ్గర, ప్రతి వెల్డింగ్ పక్కన వెలుతురు పెట్టి పగుళ్లు వెతుకు. స్క్రూడ్రైవర్ మొనతో పొడిచి చూడు, దిగబడితే పని ఆపెయ్. పెయింట్ ఆరాక పైపుల్లోకి మైనం స్ప్రే కొట్టు. నీళ్లు కారే చిన్న రంధ్రాలు మాత్రం మూసెయ్యకు.

మెరిసే ఇనుము చూడగానే చేత్తో నిమరాలనిపిస్తుంది. నిమరకు. చెమట తగిలిన చోట వేలిముద్రలే తుప్పై లేస్తాయి. థిన్నర్‌తో తుడిచి అదే రోజు ఎపాక్సీ ప్రైమర్, అంటే పెయింట్ కింద వేసే మొదటి పూత, వెయ్యి. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే ఆ పూట ఇనుము బయటపెట్టే పనే మొదలెట్టకు.

ప్రైమర్ వేసే ముందు రోజు నాకు ఫోన్ చెయ్. చిన్న సుత్తి పట్టుకుని నేనే వస్తాను. పైపు పొడుగూతా తట్టి చూడాలి, బాగున్నచోట ఖంగుమంటుంది, పలచబడ్డచోట మొద్దుగా పలుకుతుంది. కళ్లు మసకబారాయి గానీ చెవులు ఇంకా బాగానే ఉన్నాయి. ఆ రోజు మీ నాన్నని కూడా ఇంట్లోనే ఉండమను.

మీ పెదనాన్న