దారి చూపేది కారా, ఫోనా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కారు నావిగేషన్ మీదే. ఒకేలాంటి ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: కొత్త కారు కొనబోతున్నాం. నావిగేషన్ కంపెనీయే అమర్చి ఇచ్చే టాప్ వేరియంట్‌కీ దాని కింది వేరియంట్‌కీ లక్షకు పైగా తేడా ఉంది. ఎలాగూ ఫోన్ ఉంది కదా, అంత పెట్టాలంటారా? (ఖమ్మం)

జవాబు: నావిగేషన్ ఒక్కదాని కోసమే అయితే వద్దు. కింది వేరియంట్‌లో ఆండ్రాయిడ్ ఆటో, కార్‌ప్లే (ఫోన్‌లోని మ్యాప్‌ని కారు తెరమీద చూపించే వసతులు, మొదటిది ఆండ్రాయిడ్ ఫోన్లకి, రెండోది ఐఫోన్‌కి) ఉన్నాయో లేదో చూసుకోండి, చాలు. ఎక్కడ ట్రాఫిక్ ఆగింది, ఏ రోడ్డు తవ్వేశారు, ఏ కొత్త ఫ్లైఓవర్ తెరిచారు అనే సంగతులు ఫోన్‌కి తెలిసినంత త్వరగా కారు మ్యాప్‌కి తెలియవు. పైగా మన దేశంలో చాలా కార్లలో ఉండేది మ్యాప్‌మైఇండియా వారి మ్యాపే. వారిదే మ్యాపుల్స్ యాప్ ఫోన్‌లో ఉచితంగా దొరుకుతుంది.

అయితే కారులోని సిస్టమ్‌కి ఒక అసలైన బలం ఉంది. శాటిలైట్ సిగ్నల్ పోయినా చక్రం ఎంత తిరిగిందో, బండి ఎటు మళ్లిందో సెన్సర్లు చెబుతూనే ఉంటాయి. వాటి లెక్కతో బాణం గుర్తు సరిగ్గా కదులుతుంది. హిమాచల్‌లోని 9.02 కిలోమీటర్ల అటల్ టన్నెల్ లాంటి చోట తేడా బాగా తెలుస్తుంది. విడిగా పెట్టుకున్న ఫోన్ లోపలికి వెళ్లాక కాసేపు పాత వేగాన్ని బట్టి అంచనా వేస్తుంది. ముందు లారీ ఆగి మీరూ ఆగినా, తెరమీద బాణం మాత్రం సాగిపోతూ ఉంటుంది.

ఈ సెన్సర్ల వసతి నిజంగా ఉందో లేదో టెస్ట్ డ్రైవ్‌లోనే తేల్చుకోవచ్చు. కారును ఏదైనా మాల్ సెల్లార్‌లోకి దింపి రెండు మలుపులు తిప్పండి. మీతోపాటు బాణమూ తిరిగితే ఉన్నట్టు. బయటే చిక్కుకుని గుడ్లు మిటకరిస్తుంటే, షోరూమ్‌వాళ్లు ఎన్ని చెప్పినా లేనట్టే.

ఫోన్‌ని ఆండ్రాయిడ్ ఆటోకి కలిపితే చాలా కార్లు తమ జీపీఎస్ వివరాలను ఫోన్‌కి అందిస్తాయి. కారు కప్పు మీది యాంటెన్నా, ఫోన్‌లోని తాజా మ్యాప్ రెండూ కలిసొస్తాయి. వైర్ లేకుండా కలపాలంటే ఫోన్‌లో ఆండ్రాయిడ్ 11 లేదా ఆపై వెర్షన్, 5 గిగాహెర్ట్జ్ వైఫై ఉండాలి. వైరుతో కలిపితే మీటరు లోపు పొడవున్న మంచి కేబుల్ వాడండి. చార్జింగ్ అవుతోంది గానీ తెరమీద ఏమీ రావడం లేదంటే, నూటికి తొంభై పాళ్లు అది చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుల్.

టాప్ వేరియంటే తీసుకుంటే రెండు సంగతులు కాగితం మీద రాయించుకోండి: మ్యాప్ అప్‌డేట్లు ఎన్నేళ్లు ఉచితం, కనెక్టెడ్ కార్ సబ్‌స్క్రిప్షన్ (కారుకి నెట్ ద్వారా అందే సేవల చందా) గడువు తీరాక ఏడాదికి ఎంత కట్టాలి.

ప్రశ్న: ఎండాకాలంలో అద్దానికి తగిలించిన ఫోన్ అరగంటకే తెర మసకబారి, చార్జింగ్ ఆగిపోతోంది. ఫోన్ పాడైందా? (రామగుండం)

జవాబు: పాడవలేదు, తనను తాను కాపాడుకుంటోంది. ఐఫోన్‌ని 35 డిగ్రీలు దాటిన వేడిలో వాడొద్దని తయారీదారే చెబుతున్నాడు. మీ ఊళ్లో మే నెల సంగతి మీకు చెప్పక్కర్లేదు. అద్దం వెనక నేరుగా ఎండ, వెలుగు మొత్తం పెంచిన తెర, జీపీఎస్, డేటా, వీటికి తోడు చార్జింగ్. అన్ని వైపుల నుంచీ వేడే. బ్యాటరీ దెబ్బతినకుండా ఫోన్ ముందు తెర వెలుగు తగ్గిస్తుంది, తర్వాత చార్జింగ్ ఆపేస్తుంది.

హోల్డర్‌ని అద్దం మీద నుంచి తీసి ఏసీ వెంట్‌కి బిగించండి. చల్లగాలి నేరుగా ఫోన్ వెనక తగులుతుంది. వెనక కవర్ తీసేయండి. వైర్‌లెస్ చార్జింగ్ హోల్డర్ అయితే దాన్ని మాని కేబుల్ వాడండి, వైర్‌లెస్‌లో వృథా అయ్యే కరెంటంతా వేడిగానే మారుతుంది. హైవే మీద మలుపు ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉంటే తెర ఆపేయండి, గూగుల్ మ్యాప్స్ మాటలు ఆగవు. ఫోన్ కాలిపోతోందని ఐస్‌బాక్సులో మాత్రం పెట్టకండి, లోపల తడి చేరుతుంది.

ఫోన్ వేడెక్కకపోయినా, చార్జింగ్‌లో ఉండగానే శాతం పడిపోతోందంటే కారణం వేరు. పాత కార్ల యూఎస్‌బీ పోర్టుల్లో కొన్ని అర ఆంపియర్, అంటే 2.5 వాట్లే ఇస్తాయి. 12 వోల్టుల సాకెట్‌లో 20 వాట్ల పీడీ (పవర్ డెలివరీ, అంటే వేగంగా ఎక్కించే రకం) చార్జర్ పెట్టుకోండి.

ప్రశ్న: హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లేటప్పుడు అడవిలో నెట్ ఉండదు. ఫోన్ పనికొస్తుందా, విడిగా జీపీఎస్ డివైస్ కొనాలా? (నల్గొండ)

జవాబు: కొనక్కర్లేదు. జీపీఎస్‌కి నెట్ అవసరమే లేదు. అది దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే శాటిలైట్ల నుంచి నేరుగా వచ్చే సిగ్నల్. నెట్ కావాల్సింది మ్యాప్ బొమ్మకి, ట్రాఫిక్‌కి. ఇంట్లో వైఫై ఉన్నప్పుడే గూగుల్ మ్యాప్స్‌లో మీ ప్రొఫైల్ బొమ్మ నొక్కి, ఆఫ్‌లైన్ మ్యాప్స్‌లోకి వెళ్లి, సొంత మ్యాప్ ఎంచుకునే చోట హైదరాబాద్ నుంచి శ్రీశైలం దాకా చతురస్రంలో పట్టేలా లాగి డౌన్‌లోడ్ చేయండి. కొన్ని వందల ఎంబీ అవుతుంది. బయల్దేరే చోటు, చేరే చోటు రెండూ ఆ గీత లోపలే ఉండాలి. ఆఫ్‌లైన్‌లో ట్రాఫిక్ గానీ, వేరే దారులు గానీ చూపించదు.

అడవిలో ఫోన్ స్విచాఫ్ చేసి మళ్లీ వెయ్యకండి. నెట్ ఉంటే శాటిలైట్ల వివరాలు క్షణాల్లో అందుతాయి. లేకపోతే శాటిలైటే సెకనుకు 50 బిట్ల చొప్పున పంపాలి. చెట్ల కింద, మలుపుల్లో అది తెగిపోతూ ఉంటే చోటు దొరకడానికి నిమిషాలు పడుతుంది.

ఇంకోమాట. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. మ్యాప్ చూపించే సమయాన్ని నమ్మి ఎనిమిదిన్నరకి అచ్చంపేటలో టిఫిన్‌కి కూర్చోకండి.

ప్రశ్న: మెహిదీపట్నం నుంచి ఎయిర్‌పోర్టుకి వెళ్తుంటే, ఫ్లైఓవర్ ఎక్కినా మ్యాప్ కింద ఉన్నట్టే మాట్లాడుతోంది. ఎందుకు? (హైదరాబాద్)

జవాబు: పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్లు కింది రోడ్డు నెత్తిమీదే నడుస్తుంది. మ్యాప్‌లో రెండూ ఒకే గీత. జీపీఎస్ పక్కలకు కొన్ని మీటర్ల తేడాతో చెబుతుంది గానీ, ఎత్తు విషయంలో ఇంకా మొరటు. శాటిలైట్లన్నీ మన పైనే ఉంటాయి తప్ప కింద ఉండవు మరి. అందుకే ర్యాంపు దగ్గర మీరు ఎటు వెళ్లారన్నదాన్ని బట్టి యాప్ ఊహిస్తుంది, అక్కడ తప్పితే చివరిదాకా తప్పే. ర్యాంపు రాకముందే తెరను దగ్గరికి లాగి, గీత ఎక్కుతోందో లేదో చూసి నిర్ణయించుకోండి. ఎక్కాక ‘ఎడమకి తిరగండి’ అంటే పట్టించుకోవద్దు. పైన కార్ గుర్తే ఉందో లేదో కూడా చూడండి, బైకులను ఈ ఫ్లైఓవర్ ఎక్కనివ్వరు కాబట్టి బైకు మోడ్ కింది దారే చెబుతుంది. నిన్న బైకు మోడ్‌లో వాడి అలాగే వదిలేసిన ఫోన్లే సగం ఫిర్యాదులకు కారణం.

ప్రశ్న: మ్యాప్ కోసం ఫోన్ వాడితే చలానా వేస్తారా? (గుంటూరు)

జవాబు: 2020 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం, డ్రైవర్ ధ్యాస చెదరకుండా దారి చూసుకోవడానికి మాత్రమే వాడొచ్చు. చేత్తో పట్టుకుని టైప్ చేస్తే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 184 కింద మొదటిసారికే వెయ్యి నుంచి 5 వేల దాకా జరిమానా, జైలు కూడా ఉండొచ్చు. హోల్డర్‌లో పెట్టండి, చిరునామా బండి కదలకముందే ఎక్కించండి.

ప్రశ్న: మా అబ్బాయి కాలిఫోర్నియాలో పాత పోర్టబుల్ జీపీఎస్ వాడుతున్నాడు. దారి సరిగ్గానే చూపిస్తోంది గానీ తేదీ దాదాపు ఇరవై ఏళ్లు వెనక ఉంటోంది. (విజయవాడ)

జవాబు: జీపీఎస్ వారాలను 1024 దాకా లెక్కపెట్టి మళ్లీ సున్నా నుంచి మొదలుపెడుతుంది. అంటే సుమారు 19.6 ఏళ్లు. 2019 ఏప్రిల్ 6న అలా తిరిగింది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ కాని పాత డివైస్‌లు అక్కడే చిక్కుకున్నాయి. కంప్యూటర్‌కి కలిపి తయారీదారు ప్రోగ్రాంతో ముందు సాఫ్ట్‌వేర్, తర్వాత మ్యాప్ అప్‌డేట్ చేయమనండి. అప్‌డేట్లే ఆగిపోయిన మోడల్ అయితే పక్కన పెట్టేయడం మంచిది, దాంట్లో మ్యాపూ అంతే పాతది. అక్కడ అద్దం మీద ఎక్కడపడితే అక్కడ అతికించకూడదు కూడా: డ్రైవర్ వైపు కింది మూలన 5 అంగుళాల చదరం, పక్క సీటు వైపు కింది మూలన 7 అంగుళాల చదరం లోపలే ఉండాలి.